ఎడమ నుంచి రెండోవాడు

పోయిన వారం మన చిత్రకారిణిని మూడో అంతస్తులో, ఆకుపచ్చ రంగు పెచ్చులూడిన ఒక తలుపు ముందు నిలబెట్టి వచ్చేశాం. ఆమె భుజాన తోలు సంచీ. సంచీలో నాలుగు స్టాంపుల ప్రూఫు షీటు, ఒక ఉత్తరం.

ఏటి ఒడ్డు ఊరి నుంచి స్వాతంత్ర్య పోరాటంలో దిగిన నలుగురి పేరు మీద తపాలా శాఖ నాలుగు స్టాంపులు తెస్తోంది. బడి పంతులమ్మ, పడవ సరంగు, మందుల షాపాయన, ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటరు. మొదటి ముగ్గురి ఫొటోలు తేలిగ్గానే దొరికాయి. దొంగచాటుగా కరపత్రాలు అచ్చువేసి పట్టుబడి, జైల్లో జ్వరంతో పోయిన కంపోజిటరుది మాత్రం విడి ఫొటో ఒక్కటీ లేదు. ఉన్నదల్లా ప్రెస్సు పెరట్లో పన్నెండు మంది రెండు వరసల్లో దిగిన గ్రూపు ఫొటో. అదైనా అసలు ప్రింటు దొరకలేదు, ఒక పాత పత్రికలో పడ్డ బొమ్మే మిగిలింది. అందులో కంపోజిటరు ఎవరో చెప్పగలిగిన మనిషి ఒకప్పుడు ఆ ప్రెస్సులో పుస్తకాలు కుట్టిన బైండరు తాత ఒక్కడే. ఆయనకి చూపు పోయి పదేళ్ళు. కానీ ఆ ఫొటో ముప్ఫయ్యేళ్ళు ఆయన బల్లకి ఎదురుగానే వేలాడింది కాబట్టి తడుముకోకుండా చెప్పాడు. "రెండో వరస. ఎడమ నుంచి రెండోవాడు."

ఆ మొహాన్నే ఆమె గీసింది. పైవాళ్ళు బాగుందన్నారు. దినపత్రికలో నమూనా బొమ్మ పడింది. ఆ తరవాత వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది.

"మీరు వేసింది మా అన్నయ్య మొహం కాదు. అది ఎవరి మొహమో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. వస్తే చెప్తాను."

తలుపు తెరుచుకుంది.

తెరిచిన మనిషికి డెబ్బై మూడేళ్ళుంటాయి. పొట్టిగా, నిటారుగా ఉంది. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, భుజాల చుట్టూ బూడిదరంగు శాలువా.

"తపాలా శాఖ నుంచేనా?"

"అవునండీ. ఆ బొమ్మ వేసింది నేనే."

"నా ఉత్తరం మీకు చేరడానికి నాలుగు రోజులు పట్టినట్టుంది. ఈ ఊళ్ళోంచి ఈ ఊళ్ళోకే! మీ ఉత్తరాలే మీకింత ఆలస్యంగా అందితే మాలాంటివాళ్ళ గతేంటమ్మా?" అంటూనే పక్కకి తప్పుకుంది. "రా, కూర్చో. ఆ కుర్చీ కాదు, దానికి కాలు కుంటి. ఇందులో కూర్చో."

ఒకటే గది. కిటికీ పక్కన బల్ల, బల్లకి అటూ ఇటూ రెండు కుర్చీలు. ఒంటరిగా ఉంటున్న మనిషి ఇంట్లో రెండో కుర్చీ మెత్త కూడా బాగా అరిగిపోయి ఉంది. కింద వీధిలోంచి సైకిలు బెల్లులు వినపడుతున్నాయి. మధ్యాహ్నపు ఎండ బల్ల మీద సగం వరకు పరుచుకుని ఉంది.

చిత్రకారిణి ప్రూఫు షీటు తీసి ఎండలో పెట్టింది. సంచీలోంచి భూతద్దం కూడా తీసి అందించింది. ఎప్పుడూ అది చేతిలోనే ఉంటుందని ఆఫీసులో అందరూ ఆమెని భూతద్దం మేడం అంటారు. చీమ తలకాయంత తప్పు కూడా ఆమె కంటపడకుండా పోదని పేరు.

మామ్మగారు షీటు మీదికి వంగింది. తొందరేం పడలేదు. మొదటి బొమ్మ నుంచి మొదలుపెట్టింది.

"పంతులమ్మ. ముక్కు ఇంకాస్త పొడుగు. ఆ ముక్కుతోనే మమ్మల్నందర్నీ హడలగొట్టేది. ఎక్కాలు తప్పు చెప్తే బెత్తం తియ్యక్కర్లా, ముక్కు ఇటు తిప్పితే చాలు." నవ్వుకుంది. "సరంగు బానే ఉన్నాడు గానీ, ఈయన తల దువ్వుకున్నది నేనెప్పుడూ చూళ్ళేదు. నువ్వే దువ్వినట్టున్నావు. మందుల షాపాయన... అబ్బ, అచ్చు ఆయనే. దగ్గుమందు అడిగితే ముందు ఒక ఉపన్యాసం ఇచ్చి అప్పుడు సీసా ఇచ్చేవాడు."

నాలుగో బొమ్మ దగ్గరికొచ్చింది.

భూతద్దం పక్కన పెట్టేసింది. కళ్ళజోడు తీసి శాలువా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. చాలాసేపు చూసింది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు ఒత్తుకుంది.

"ఏమయిందండీ?"

"ఏం లేదు తల్లీ. మా ఆయన మొహం చూస్తేనే పాపం అన్నారు ఆ ఊళ్ళో. ఇప్పుడు వాళ్ళూ వాళ్ళ పిల్లలూ ఆయన వీపుకి నాలిక రాసి కవర్ల మీద అంటించుకోవాలి కదా! అది తలుచుకుంటే నవ్వాగలేదు."

చిత్రకారిణి తలెత్తింది. "మీ... ఆయనా?"

"మా ఆయనే. ఈ కనుబొమ్మ మీద గాటు చూడు, నీ గీతలో కూడా పట్టావు. చిన్నప్పుడు కిటికీ తగిలింది. పెళ్ళయ్యాక నలభై ఐదేళ్ళు రోజూ చూసిన మొహం. పోయి పదకొండేళ్ళవుతోంది."

"కానీ బైండరు తాత..."

"వాడేం పొరపాటు పడలేదు. రెండో వరసలో ఎడమ నుంచి రెండోవాడు మా అన్నయ్యే." మామ్మగారు లేచి బీరువా తెరిచింది. బట్టల కింద నుంచి గోధుమరంగు అట్ట తీసి బల్ల మీద పెట్టింది. అదే గ్రూపు ఫొటో. కానీ పత్రిక కాగితం మీద అలికేసిన చుక్కలు కావు, అసలు ప్రింటు. మొహాలన్నీ నీళ్ళలో కడిగినట్టు తేటగా ఉన్నాయి. "కొత్త మెషిన్ వచ్చిన రోజు తీయించారు. చూసుకో."

చిత్రకారిణి సంచీలోంచి తన దగ్గరున్న పత్రిక కత్తిరింపు తీసి పక్కన పెట్టింది. ముందు తేడా తెలీలేదు. తరవాత చూసింది. అసలు ఫొటోలో అందరి చొక్కాల జేబులూ ఎడమవైపు, గుండె మీద ఉన్నాయి. పత్రికలో పడ్డ బొమ్మలో అందరి జేబులూ కుడివైపు ఉన్నాయి.

పత్రికవాళ్ళు ఫొటోని తిరగేసి అచ్చువేశారు. అద్దంలో చూసినట్టు కుడి ఎడమైంది, ఎడమ కుడైంది. ఎడమ నుంచి రెండోవాడు కాస్తా కుడి నుంచి రెండోవాడైపోయాడు. వాడి చోటులోకి ఇంకొకాయన వచ్చి నిలబడ్డాడు.

ఆమె ఇరవై ఆరేళ్ళుగా మొహాలు గీస్తోంది. పన్నెండు మంది మగవాళ్ళకి కుడివైపు జేబులు ఉంటే కనిపెట్టలేకపోయింది. పేరుకి భూతద్దం మేడం.

"మరి ఈయన... మీ ఆయన ప్రెస్సులో ఏం చేసేవారు?"

"ఫోర్‌మన్."

ఆ మాట వినగానే చిత్రకారిణి చెయ్యి బల్ల మీంచి కొంచెం వెనక్కి జరిగింది. అనుకోకుండానే జరిగింది. స్టాంపుల కోసం కమిటీవాళ్ళు ఇచ్చిన చరిత్ర పుస్తకం ఆమె మూడుసార్లు చదివింది. అందులో ఫోర్‌మన్ గురించి ఏముందో ఆమెకి కంఠతా వచ్చు.

మామ్మగారు ఆ చేతి వంకే చూస్తోంది.

"చదివావన్నమాట."

"అదీ..."

"చెప్పు. నేను వినని మాటేం కాదు."

"ప్రెస్సు ఫోర్‌మన్ క్షమాపణ పత్రం రాసిచ్చి మూడో రోజున విడుదలయ్యాడు అని..."

"ఇంకా?"

"అంతేనండీ. ఒక్క వాక్యమే."

"ఒక్కటే," అంది మామ్మగారు. "మేమిద్దరం ఆ ఒక్క వాక్యంలోనే కాపురం చేశాం."

మామ్మగారు మళ్ళీ కూర్చుని అసలు ఫొటోని దగ్గరికి లాక్కుంది. ఈసారి వేలు ఎడమ నుంచి రెండో మొహం మీద పెట్టింది. బక్కపలచటి మనిషి. నవ్వాపుకుంటున్నట్టు పెదాలు బిగించి ఉన్నాడు.

"వీడు మా అన్నయ్య. ఫొటోవాడు కదలొద్దన్నాడని ఊపిరి కూడా బిగబట్టాడు. బొమ్మ తియ్యడం అయ్యాక దగ్గుతూ కూలబడ్డాడు." ఆవిడ గొంతు మారింది. ఇంతసేపూ మొనదేలి ఉన్న గొంతు ఇప్పుడు ఎక్కడో పెరట్లో కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. "బడి అవ్వగానే నేను ప్రెస్సుకి పరిగెత్తేదాన్ని. కాగితాలు మడతపెట్టే పని నాది. అబ్బా, ఆ వాసన ఉంది చూశావూ, సిరా, కిరసనాయిలు, తడి కాగితం... ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే కాళ్ళు ఆగిపోతాయి. అన్నయ్య అక్షరాలు ఏరుతుంటే వడగళ్ళు రాలినట్టు టకటకా చప్పుడు. చూడకుండానే ఏరేవాడు. నాకు తిరగేసిన అక్షరాలు చదవడం నేర్పించాడు. బళ్ళో అందరూ తిన్నగా చదువుతుంటే నేను అటునుంచి ఇటు చదివి పంతులమ్మ చేత తిట్లు తిన్నాను."

"మరి ఫోర్‌మన్ గారు?"

"ఆయనకి మెషిన్ వచ్చు గానీ కంపోజింగు అంతంత మాత్రం. తొందర మనిషి. అక్షరం తలకిందులుగా పెట్టేసేవాడు. ప్రూఫు తీశాక అన్నయ్య పట్టుకుని, 'ఏరా, నీ అక్షరాలు శీర్షాసనం వేస్తున్నాయి!' అని ఊరంతా వినపడేట్టు నవ్వేవాడు. ప్రతిరోజూ ఇదే గోల. ఇద్దరూ ఒకే బల్ల మీద తిని, ఒకే దుప్పట్లో పడుకున్న స్నేహితులు. పోలీసులు పడ్డ రోజున ఇద్దర్నీ ఒకే తాడుతో కట్టి తీసుకెళ్ళారు."

బల్ల మీద ఎండ అంచు ఇంకాస్త జరిగింది.

"మూడో రోజున ఆయనొక్కడే తిరిగొచ్చాడు. క్షమాపణ రాసిచ్చాడని అప్పటికే ఊరంతా గుప్పుమంది. మా అమ్మ వీధిలోకొచ్చి అడిగింది, 'సంతకం పెట్టావా లేదా? అదొక్కటి చెప్పు' అని. ఆయన పెట్టానన్నాడు. అమ్మ తలుపేసేసింది. నేను దొడ్డిదారిన వెళ్ళి ఏట్లోకి తోసేద్దామనుకున్నాను ఆయన్ని. నిజంగానే. పదహారేళ్ళు నాకు, ఒళ్ళంతా కోపమే. రేవులో పట్టుకున్నాను. అప్పుడు చెప్పాడు, పెట్టమన్నది అన్నయ్యేనని. 'ఇద్దరం లోపల కూర్చుంటే అచ్చెవడు వేస్తాడు? నా సంతకం నమ్మరు, కరపత్రాల చిత్తుప్రతి నా చేతిరాతతో దొరికింది. నీది నమ్ముతారు. పెట్టి బయటికి పో' అన్నాట్ట. ఆయన ఒకరోజంతా ఒప్పుకోలేదట. అన్నయ్య మాట్లాడ్డం మానేశాట్ట. ఆ తరవాత ఒప్పుకున్నాడు."

"మీరు నమ్మారా?"

"ఎందుకు నమ్ముతాను? నమ్మలేదు. అయితే తెల్లారకముందే రేవుకి రా అన్నాడు. వెళ్ళాను. సరంగు పడవ అడుగు అరలో చేతి ప్రెస్సు ఉంది. మా అచ్చాఫీసులో మూలపడేసిన పాతది, పోలీసులు దాని లెక్కే మర్చిపోయారు. పడవ ఊగుతుంటే ఆయన ఒక్కో అక్షరం ఏరి పేరుస్తున్నాడు. నేను మడతలు పెట్టాను. వారానికో కరపత్రం. పోలీసులు ఊరంతా గోడలు కొట్టి చూశారు, నేల తవ్వి చూశారు. ప్రెస్సేమో వాళ్ళ ముందే ఏట్లో పైకీ కిందికీ తిరుగుతోంది!"

చిత్రకారిణి కుర్చీలో ముందుకి జరిగింది. ఆమె మనసులో ఏదో అక్షరం కదిలింది. "అమ్మా, ఒక్క మాట. ఆ కరపత్రాలు నేను చూశాను. దస్తావేజుల గదిలో ఆరు ఉన్నాయి. స్టాంపులో మొహం వెనకాల వేసింది అందులో ఒకటే. వాటిలో చివరి వరసలో..."

"చివరి అక్షరం తలకిందులు," అంది మామ్మగారు.

"అన్నిట్లోనూ!"

"కావాలని పెట్టేవాడు. మిగతా అంతా ఎంత జాగ్రత్తగా పేర్చేవాడో, ఆ ఒక్కటీ అంత జాగ్రత్తగా తిప్పేవాడు. ఎప్పటికైనా ఒక కాగితం జైలు గోడ దాటి లోపలికి పోతే, అన్నయ్య కంట్లో పడితే, వేసింది ఎవరో తెలియాలని. ఇంకెవరికీ తెలియక్కర్లా."

"తెలిసిందా?"

మామ్మగారు ప్రూఫు షీటు అంచుని వేళ్ళతో మెల్లగా సరిచేసింది.

"అన్నయ్య జైలుకెళ్ళిన ఐదో నెలలో పోయాడు. ఆ తరవాత జైల్లోంచి ఒక వంటవాడు విడుదలై మమ్మల్ని వెతుక్కుంటూ రేవుకి వచ్చాడు. ఒకసారి బియ్యం బస్తాలో దాగి ఒక కాగితం లోపలికొచ్చిందట. అన్నయ్యకి అప్పటికే ఒళ్ళు కాలిపోతోంది. చదివించుకోలేదట, తనే తీసుకుని సరాసరి చివరి వరస చూశాట్ట. ఆ అక్షరం మీద వేలు పెట్టి ఒకటే నవ్వు. దగ్గొచ్చేదాకా నవ్వాట్ట. 'శీర్షాసనం, శీర్షాసనం' అన్నాడని చెప్పాడు వంటవాడు. జ్వరంలో సంధి ప్రేలాపన అనుకున్నాడు పాపం. మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ఆ రోజే అనుకున్నాను, చేసుకుంటే ఈయన్నే చేసుకోవాలని."

చిత్రకారిణి తల దించుకుంది. చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించి, చెప్పేసింది.

"అమ్మా, ఆ అక్షరం స్టాంపులో తిన్నగానే ఉంటుంది. కంపోజింగు తప్పు అనుకుని... నేను సరిచేశాను."

"సరిచేశావా!" మామ్మగారు భూతద్దం అందుకుని బొమ్మ వెనక ఉన్న కరపత్రం చివరి వరస వెతికింది. చూసింది. కోప్పడుతుందనుకుంది చిత్రకారిణి. ఆవిడ నిట్టూర్చింది, అంతే. "పోన్లే. అన్నయ్య కూడా సరిచేసేవాడు."

"ఇదంతా ఎవరికీ ఎందుకు చెప్పలేదు మీరు?"

"మొదట చెప్పకూడదు, ప్రాణాలు పోతాయి. తెలిసిన ఒక్క మనిషి సరంగు, ఆయన ఆ ఏడాదే కాల్పుల్లో పోయాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక చెప్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. 'నేను సంతకం పెట్టిన మాట నిజం. వాడు పోయిన మాట నిజం. బతికున్నవాణ్ణి నేను వెళ్ళి పూలదండ అడుక్కోవాలా?' అన్నాడు. ఆ ఊరి శుభలేఖలన్నీ ఆయనే అచ్చేసేవాడు. మమ్మల్ని పిలిచిన పెళ్ళి ఒక్కటీ లేదు. అన్నని పొట్టనబెట్టుకున్నవాణ్ణి కట్టుకుందని మా అమ్మ పోయేదాకా నాతో మాట్లాడలేదు. ఇంక అక్కడ ఉండలేక ఈ ఊరొచ్చాం."

చిత్రకారిణి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద వీధి చూసింది గానీ ఏమీ కనపడలేదు. ఆమె ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఎన్నడూ అనుకోని ఆలోచన ఒకటి అప్పుడు ఆమెకి వచ్చింది. తిరిగి వచ్చి, గొంతు తగ్గించి అంది.

"అమ్మా, ఒకటంటాను. తప్పయితే క్షమించండి. ఈ ఫొటో తిరగేసి ఉందని మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. బైండరు తాతకి చూపు లేదు. ఆ కరపత్రాలు వేసింది మీ ఆయన. ఆ గౌరవం ఆయనకి రావలసిందే. ఏదో రకంగా వచ్చింది. ఇలాగే ఉండనిస్తే..."

"ఉండనిస్తే?"

"ఊరంతా ఆయన మొహానికి దణ్ణం పెడుతుంది కదా."

మామ్మగారు కుర్చీ వెనక్కి నెట్టి నిలబడింది. ఆ పొట్టి మనిషి ఒక్కసారిగా గదంతా నిండినట్టనిపించింది.

"కింద ఎవరి పేరు వేశావు?"

"మీ అన్నయ్య గారిది."

"మరి? అన్నయ్యకి పేరుంది, మొహం లేదు. ఆయనకి మొహం ఉంది, పేరు లేదు. ఇద్దర్నీ చెరో సగం నరికి ఒక మనిషిని చేశావు. దానికి గౌరవం అని పేరు పెడతావా? బతికున్నన్నాళ్ళూ అన్నయ్య పేరు పక్కన నిలబడ్డానికే సిగ్గుపడ్డ మనిషమ్మా ఆయన. చచ్చాక ఆ పేరు దొంగిలించాడనిపిస్తావా? ఈసారి ఆ నింద నిజమవుతుంది!" ఆవిడ ప్రూఫు షీటుని చిత్రకారిణి ముందుకి నెట్టింది. "మార్చు. మా అన్నయ్య మొహం మా అన్నయ్యకి ఇచ్చెయ్. ఆయన సంగతి తరవాత ఆలోచిద్దాం. నేనింకా పోలేదుగా, చెప్పడానికి నోరుంది."

చిత్రకారిణికి తను అన్న మాటకి సిగ్గేసింది, కానీ మనసు తేలికపడింది. "మారుస్తాను. అచ్చు మొదలయ్యేది రేపు పొద్దున. ఇంకా టైముంది. ఇప్పుడే ఫోను చేసి ఆపిస్తాను."

మూలనున్న టెలిఫోను అందుకుని అచ్చు విభాగం నంబరు తిప్పింది. ఎంగేజి. మళ్ళీ తిప్పింది. ఎంగేజి. నాలుగోసారి కూడా అదే మోత. ఆమె సంచీ సర్దుకుంది. "నేనే వెళ్తాను. ఈ ఫొటో ఒక్కరోజు ఇవ్వగలరా?"

"ఫొటో ఇవ్వను. ఫొటోతో పాటు నేనొస్తాను," అంది మామ్మగారు అప్పటికే శాలువా బిగించుకుంటూ. "మెషిన్ చప్పుడు విని పదకొండేళ్ళయింది."

టాక్సీలో మామ్మగారు గోధుమరంగు అట్టని రెండు చేతులతో ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. అచ్చు విభాగం గేటు దగ్గర కాపలా మనిషి పాసు లేదని ఆపబోతే, చిత్రకారిణి "కంపోజిటరు గారి చెల్లెలు" అంది. అతను ఒక్క అడుగు వెనక్కి వేసి సెల్యూట్ కొట్టాడు. ఆవిడ తలాడించి లోపలికి నడిచింది.

వసారా దాటుతుండగానే కాళ్ళ కింద నేల సన్నగా అదురుతున్నట్టు తెలిసింది. మామ్మగారు ఆగి, కళ్ళు మూసుకుని, గట్టిగా గాలి పీల్చింది.

"సిరా మారింది," అంది. "కానీ అదే."

చిత్రకారిణి ఆ మాట వినలేదు. ఆమె అప్పటికే పరుగు లాంటి నడకతో పెద్ద తలుపు తోసేసింది. రేపు పొద్దున మొదలవ్వాల్సిన మెషిన్ ఇప్పుడే నడుస్తోంది. మెషిన్ మేస్త్రి చేతులు గుడ్డకి తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"మేడం, మీకోసం మీ గదికి రెండుసార్లు మనిషిని పంపాను. విడుదల ముందుకి జరిపారు, ఎల్లుండే అట. నిన్న సాయంత్రం ఆర్డరొచ్చింది. తెల్లారిన దగ్గర్నుంచీ తోలుతున్నాం. మొదటి మూడూ అయిపోయాయి. ఇది నాలుగోది."

మెషిన్ చివర షీట్లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. షీటుకి వంద స్టాంపులు. వంద స్టాంపుల్లో వంద మొహాలు. కనుబొమ్మ మీద గాటుతో సహా.

మామ్మగారు దగ్గరికి వెళ్ళింది. ఒక షీటు పడింది. ఇంకొకటి పడింది. వందమంది ఆయనలు, మళ్ళీ వందమంది. చివరి రోజుల్లో మంచం మీద ఆవిడ చూసిన మొహం కాదది. తన పదహారేళ్ళ వయసులో రేవులో చూసిన మొహం, జుట్టు ఒత్తుగా, కళ్ళు తొందరగా, ఇప్పుడే ఏదో అనబోతున్నట్టు.

చిత్రకారిణి ఆగమని చెప్పడానికి నోరు తెరిచింది. మామ్మగారు చెయ్యెత్తింది.

"ఒక్క నిమిషం, తల్లీ."

షీట్లు పడుతూనే ఉన్నాయి. ఆవిడ పెదాలు కదులుతున్నాయి గానీ ఏమంటోందో ఆ చప్పుడులో వినపడలేదు. తరవాత ఆవిడ అట్ట తెరిచి, అన్నయ్య నవ్వాపుకుంటున్న ఫొటోని షీట్ల పక్కన ఆనించి పెట్టింది. రెండిటినీ ఒకసారి కలిపి చూసుకుంది.

"ఊఁ. ఇంక ఆపెయ్."

చిత్రకారులకి ఒక అధికారం ఉంది. బొమ్మలో తప్పు ఉందని తేలితే రిజిస్టర్లో ఎర్ర సిరాతో రాసి సంతకం పెడితే మెషిన్ ఆగి తీరాలి. పెట్టినవాళ్ళు ఆ తరవాత పైవాళ్ళందరికీ జవాబు చెప్పుకోవాలి. చిత్రకారిణి దాన్ని ఇప్పటిదాకా ఒక్కసారీ వాడలేదు. ఆమె రిజిస్టరు తెప్పించుకుంది. "ఈ చిత్రంలోని వ్యక్తి వేరు. తప్పు నాది" అని రాసింది. కలం ఒక్క క్షణం ఆగింది. సంతకం పెట్టేసింది.

మేస్త్రి మీట లాగాడు. మెషిన్ పెద్దగా ఒకసారి ఊపిరి వదిలి ఆగిపోయింది. హాలంతా చెవులు గింగురుమనేంత నిశ్శబ్దం.

"అచ్చయినవన్నీ ఇక్కడే ఉన్నాయి కదా? ఒక్కటి కూడా బయటికి పోకూడదు," అంది చిత్రకారిణి.

మేస్త్రి గుడ్డ కింద పెట్టాడు.

"అన్నీ లేవు మేడం. విడుదల సభ అక్కడే కదా అని మొదటి కట్టలు కట్టేసి సీలు వేసి మధ్యాహ్నమే బండెక్కించాం. నాలుగు రకాలూ ఉన్నాయి. నలభై వేల బిళ్ళలు."

"ఎక్కడికి?"

"ఏటి ఒడ్డు ఊరికి."

చిత్రకారిణి తిరిగి చూసింది. మామ్మగారు షీట్ల కట్ట మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. అంతా వింది. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు.

"ఆ బండి," అని మేస్త్రిని అడిగింది ఆవిడ, చాలా నెమ్మదిగా, "ఎంతసేపట్లో చేరుతుంది నాయనా?"

బండిని ఎలాగైనా అందుకోవాలని అడిగిందో, ఎలాగైనా చేరితే బాగుండునని అడిగిందో, పక్కనే నిలబడ్డ చిత్రకారిణికి ఆ గొంతులో ఎంత వెతికినా దొరకలేదు.